పాపికొండలు గోడ మీదికి: ఫొటోనా, పెయింటింగా, అచ్చు బొమ్మా?

మా తోడల్లుడు మధురవాడలో ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశమైన పది రోజులకి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, హాల్లో సోఫా వెనకాల గోడ బోసిగా ఉంది. తొమ్మిది అడుగుల గోడ. పాపికొండల బొమ్మ పెద్దది పెట్టాలని మీ మరదలి సరదా. మేం బోటులో వెళ్ళినప్పుడు తీసిన ఫొటో వేయించమంటారా, ఎవరిచేతైనా పెయింటింగ్ వేయించమంటారా? ఆన్‌లైన్‌లో ‘ఆర్ట్ ప్రింట్’ అని ఇంకోటి చూపిస్తోంది, అది అన్నిటికంటే చవక."

ఒక్క మాటలో చెప్పేసి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ సోనామసూరి, హెచ్ఎంటీ, బాస్మతి అన్నట్టు రేటు చూసి తేల్చుకునే వ్యవహారం కాదిది. ఒక చోటికి వెళ్ళొచ్చాక మనకి మిగిలేవి ఒకటి కాదు. అక్కడ కంటపడిన ఆ క్షణం ఉంటుంది. అక్కడ కూర్చుని గడిపిన పూట ఉంటుంది. వివరాలన్నీ మర్చిపోయాక కళ్ళు మూసుకుంటే కనపడే రూపు ఒకటుంటుంది. ఫొటోకి మొదటిది బాగా చేతనవును, పెయింటింగ్‌కి రెండోది, అచ్చు బొమ్మకి మూడోది. ఇది మరీ గీత గీసినట్టు చెప్పడమే, మినహాయింపులు బోలెడు. అయినా డబ్బు పెట్టి కొనేటప్పుడు నాకు ఈ లెక్కే పనికొచ్చింది. అతనికి ఫోన్లో అరగంట చెప్పింది ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను.

‘ప్రింట్’ అంటే ఏ ప్రింట్?

మన వాడుకలో ప్రింట్ అంటే నకలు. ఆధార్ కార్డు జిరాక్సూ ప్రింటే, పెళ్ళి శుభలేఖా ప్రింటే. అందుకే ‘ఆర్ట్ ప్రింట్’ అనగానే రెండు వేర్వేరు వస్తువులు ఒకే పేరుతో చలామణీ అయిపోతాయి.

ఒకటి, ఎవరో వేసిన పెయింటింగ్‌ని స్కాన్ చేసి ఇంక్‌జెట్ మెషీన్‌తో కాగితం మీదో కాన్వాస్ మీదో కొట్టింది. దీనికే షోకుగా ‘జిక్లే’ అని పేరు. అమెరికాలో ఇంక్‌జెట్ ప్రింట్లు చేసే ఒకాయన 1991లో, ఇంకు చిమ్మడం అనే అర్థమొచ్చే ఫ్రెంచి మాటలోంచి ఈ పేరు పుట్టించాడు. పేరు ఎంత బాగున్నా అది బొమ్మకి తీసిన ఫొటో. తప్పేం లేదు, ఆ ధరకి ఆ వస్తువు. తెలిసి కొనుక్కుంటే చాలు.

రెండోది, కళాకారుడే చెక్కనో లినోలియం షీటునో (నేల మీద పరిచే మెత్తటి షీటు) రాగి రేకునో చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద ఒత్తి తీసేది. నేను అచ్చు బొమ్మ అంటున్నది దీన్ని. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క అచ్చు. అన్నీ ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా కూర్చోవాలి. కాస్త జరిగిందంటే పువ్వు ఒకచోట, రంగు ఒకచోట.

జపాన్‌లో హొకుసాయి అనే చిత్రకారుడు 1830ల మొదట్లో ఫుజి కొండ మీద చేసిన వరస ఇలా పుట్టిందే. ముప్పై ఆరు దృశ్యాలు అని పేరు పెట్టారు, గిరాకీ బాగుండటంతో ఇంకో 10 కలిపారు, మొత్తం 46. వాటిలో ఒకటి అందరికీ తెలుసు: గోళ్ళు చాచినట్టు పైకి లేచిన నీలం అల, దాని కింద పడవలు, వెనకాల బుల్లి ఫుజి. దాన్ని తయారుచేసిన తీరు చూడండి. హొకుసాయి పల్చటి కాగితం మీద గీసిచ్చిన బొమ్మని చెక్కపలక మీద బోర్లా అంటించేవారు. చెక్కే పనివాడు ఆ కాగితంతో సహా చెక్కేసేవాడు. అంటే ఆయన స్వహస్తాలతో గీసిన బొమ్మ ఆ పనిలోనే మాయమైపోయింది. ఇక అసలు ఎక్కడుందని అడిగితే జవాబేముంది? ఒత్తి తీసిన ప్రతి కాగితమూ అసలే. అయితే అన్నీ ఒకటి కావు. అచ్చు అరిగేకొద్దీ గీతలు తెగుతాయి, మొదట తీసినవాటి విలువ వేరు. 2023లో న్యూయార్క్ వేలంలో అలాంటి మంచి ప్రతి ఒకటి 27 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది.

ఆ బొమ్మ సైజు ఎంతో తెలుసా? సుమారు 25 సెంటీమీటర్లకి 37. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. దాన్ని మనవాళ్ళు ఆరడుగుల వాల్‌పేపర్ చేసి కేఫుల్లో అంటిస్తున్నారు. చేతి దూరంలో పట్టుకుని చూడమని చెక్కిన గీత అంత సైజులో మోకులా కనపడుతుంది. ఫొటోని మీకు కావలసిన సైజుకి వేయించుకోవచ్చు. అచ్చు బొమ్మకి దాని సైజు దానికుంది. తొమ్మిది అడుగుల గోడ నింపడమే పని అయితే అచ్చు బొమ్మ జోలికి వెళ్ళకండి, లేదా నాలుగైదు కలిపి వరసగా పెట్టుకోండి.

మూడింటికీ చుట్టరికం

ఫొటో అంటే నిజం, పెయింటింగ్ అంటే ఊహ, ప్రింట్ అంటే నకలు. ఈ మూడు మాటలూ తప్పే.

ఇప్పుడు మిగిలి ఉన్న కెమెరా ఫొటోల్లో అన్నిటికంటే పాతది ల్యాండ్‌స్కేపే. ఫ్రాన్స్‌లో నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తన ఇంటి పై కిటికీలోంచి కనపడే కప్పుల్ని ఒక రేకు మీద పట్టాడు. చాలా గంటల ఎండ పట్టింది. నిజానికి ఆయన మొదలుపెట్టింది అచ్చు పని కోసం. గీయడం చెక్కడం లేకుండా, వెలుతురుతోనే అచ్చు రేకులు తయారవుతాయా అని చూశాడు. రేకుకి ఆయన పూసిన తారు కూడా ఎచింగ్ పనివాళ్ళు, అంటే రేకు మీద గీతల్ని ఆసిడ్‌తో తినిపించి అచ్చు తీసేవాళ్ళు, వాడేదే. అంటే అచ్చుపని కడుపున ఫొటో పుట్టిందన్నమాట.

అంతకు నలభై ఏళ్ళ ముందే మన దేశంలో ఈ మూడూ ఒకే మూటలో తిరిగాయి. ఇంగ్లీషు చిత్రకారుడు థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాలో దిగి సుమారు ఏడేళ్ళు ఇక్కడే ఉండి దేశమంతా తిరిగారు. 1792లో దక్షిణాదికీ వచ్చారు. వాళ్ళ సామానులో కెమెరా అబ్‌స్క్యూరా ఉండేది: చీకటి పెట్టె, దానికో లెన్సు. లోపల కాగితం మీద పడే దృశ్యాన్ని పెన్సిల్‌తో గీసుకునేవారు. లండన్ వెళ్ళాక వాటినే రాగి రేకుల మీద ఆక్వాటింట్లుగా చేసి 1795 నుంచి 1808 దాకా 144 బొమ్మలు వేశారు. ఆక్వాటింట్ అంటే, రేకు మీద గుగ్గిలంలాంటి పొడి చల్లి వేడి చేస్తారు. పొడి రేణువులు రేకుకి అతుక్కుంటాయి. ఆసిడ్‌లో పెడితే రేణువుల సందుల్లో మాత్రమే లోహాన్ని తింటుంది. ఆ గరుకులో ఇంకు నిలబడి, కాగితం మీద నీటిరంగు పూత పూసినట్టు వస్తుంది. పైన మళ్ళీ కుంచెతో రంగులు. లెన్సు చూసింది, చెయ్యి గీసింది, రేకు అచ్చొత్తింది, కుంచె పూర్తిచేసింది. దీన్ని ఏ ఖానాలో వేస్తారు?

ఇక ఫొటోలో నిజం సంగతి. 1857లో గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ సముద్రం ఫొటో ఒకటి తీశాడు. అప్పటి ప్లేట్లకి నీలం మరీ ఎక్కువగా తగిలేది, ఆకాశం తెల్లగా మాడిపోయేది. అందుకని ఆకాశానికి ఒక నెగటివ్, నీళ్ళకి ఇంకోటి తీసి రెండూ అతికాడు. అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వం తరఫున ఫొటోలు తీసిన లినేయస్ ట్రైప్ నెగటివ్ మీద మబ్బులు చేత్తో దిద్దాడు. మన కాలంలో జర్మన్ ఫొటోగ్రాఫర్ గుర్‌స్కీ 1999లో రైన్ నది ఫొటోలో అవతలి ఒడ్డున ఉన్న కట్టడాల్ని కంప్యూటర్‌లో చెరిపేసి, పచ్చగడ్డి, బూడిదరంగు నీళ్ళు, ఆకాశం మాత్రం ఉంచాడు. అది 2011లో 43 లక్షల డాలర్లకి అమ్ముడైంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉంటుందన్న నమ్మకంతో ఫొటో ఎంచుకోవద్దు. ఎంచుకోవడానికి వేరే మంచి కారణాలున్నాయి.

కొండ ఒకటే

పాపికొండల్నే తీసుకుందాం. బోటు మలుపు తిరుగుతుంది, రెండువైపులా కొండలు మీదికొచ్చినట్టు దగ్గరవుతాయి, నీళ్ళు నల్లబడతాయి. అందరూ లేచి ఫోన్లు తీస్తారు. ఇంటికొచ్చి చూస్తే ఆ మీదికొచ్చిన కొండలు ఎక్కడో దూరంగా, పొట్టిగా, ముందంతా నీళ్ళు. ఇదేంట్రా అనిపిస్తుంది. ఫోన్లో మామూలుగా తెరుచుకునే లెన్సు బాగా వెడల్పుగా చూస్తుంది. వెడల్పు ఎక్కువ పట్టాలంటే దూరపువి చిన్నవి కాక తప్పదు. రెండు మూడు రెట్లు జూమ్ చేసి తీస్తే కంటికి కనపడినదానికి దగ్గరగా వస్తుంది. అయినా మనం మెడ తిప్పి ఆ కొన నుంచి ఈ కొన దాకా చూసినది ఒక ఫ్రేములో ఇమడదు.

ఫొటోని ఎంచుకోవలసింది ఎప్పుడంటే, ఆ చోటుతో మీకు లెక్క ఉన్నప్పుడు. మీ ఊరి చెరువు గట్టు, తాతగారి కొబ్బరితోట, పోలవరం ముంపులో పోయే ఊళ్ళ రేవులు. ఇక్కడ ఏ చెట్టు ఎక్కడుందో ముఖ్యం. ఆ తాడిచెట్టు అందం కోసం పక్కకి జరిగితే ఒప్పుకోం. ఇంకో సంగతి, ఫొటో ఉంటే దాన్ని చూసి రేపు ఎవరిచేతైనా బొమ్మ వేయించుకోవచ్చు. బొమ్మ ఉందని ఫొటో తీయలేం. చోటే పోయేలా ఉంటే ముందు ఫొటో తీసి పెట్టుకోవాలి, మిగతా ఆలోచన తర్వాత.

అలాగని ఫొటో అంటే తీసేయగానే పని అయిపోయినట్టు కాదు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫర్ 1941 నవంబరు 1 సాయంత్రం న్యూమెక్సికోలో ఒక పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. తేదీ ఆయనకే సరిగా గుర్తులేదు, తర్వాత ఖగోళ లెక్కలు తెలిసినవాళ్ళు చంద్రుడి చోటుని బట్టి తేల్చారు. ఆ ఒక్క నెగటివ్ నుంచి దశాబ్దాల పాటు వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. మొదట్లో వేసినవాటిలో ఆకాశంలో మబ్బులు బాగా కనపడతాయి. పోనుపోను ఆకాశాన్ని దాదాపు నల్లగా చేసేశాడు. ఆయన పియానో నేర్చినవాడు. నెగటివ్ రాసిపెట్టుకున్న స్వరాల్లాంటిది, ప్రింట్ కచేరీ లాంటిది అనేవాడు. త్యాగరాజ కీర్తన ఒకటే, పాడేవాళ్ళని బట్టి కదా. మీ ఫొటో కూడా అంతే. ల్యాబ్‌కి పంపి ‘వేసేయండి’ అంటే వాళ్ళు పెళ్ళి ఆల్బమ్‌కి కొట్టినట్టు రంగులు దట్టించి కొడతారు. పక్కన కూర్చుని, చిన్న ముక్క ఒకటి టెస్ట్ ప్రింట్ తీయించి, పగటి వెలుతురులో చూసి ఒప్పుకోవాలి.

సైజు లెక్క ఒకటి చెప్పి ఫొటో సంగతి ముగిస్తాను. మా తోడల్లుడు నాకు వాట్సాప్‌లో పంపిన ఫొటో వెడల్పు 1600 పిక్సెల్స్. దాన్ని నాలుగడుగులకి, అంటే 48 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 33 చుక్కలు. కొండలు అటుకుల్లా వస్తాయి. ఫోన్లో ఉన్న అసలు ఫైలు 4000 పిక్సెల్స్ అయితే అంగుళానికి 83, సోఫాకి ఎదురుగా ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే సర్దుకోవచ్చు. 6000 పిక్సెల్స్ కెమెరా అయితే 125, ఇక దిగుల్లేదు. దగ్గరికొచ్చి చూసే చోటైతే 200 పైన ఉండాలి.

పెయింటింగ్‌కి వస్తే, నా గట్టి అభిప్రాయం ఒకటుంది. ఫొటో చూసి మక్కీకి మక్కీ దింపిన పెయింటింగ్‌కి డబ్బు పెట్టడం దండగ. కెమెరా తప్పులన్నీ మళ్ళీ డబ్బిచ్చి వేయించుకున్నట్టే. కనిపెట్టడం కష్టం కాదు. నీడలు రంగు లేకుండా బొగ్గులా ఉంటాయి. మన కంటికి నీడలో కూడా ఊదా, ఆకుపచ్చ కనపడతాయి, ఫోన్ వాటిని నల్లగా ముద్ద చేస్తుంది. ఆకాశం కాగితంలా తెల్లబడి ఉంటుంది. కొండలు ఇందాక చెప్పినట్టు పొట్టిగా పారిపోయి ఉంటాయి. ముందున్న గడ్డిపోచా వెనకున్న కొండా ఒకే శ్రద్ధతో గీసి ఉంటాయి.

అక్కడ కూర్చుని వేసినవాడు అలా వేయడు. అతను చూస్తుండగానే ఎండ జరుగుతుంది, నీడ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోతుంది, ఏది ఉంచాలో ఏది వదలాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఫ్రెంచి చిత్రకారుడు మోనె 1890-91లో ఇంటి దగ్గరి గడ్డివాముల్ని మళ్ళీ మళ్ళీ వేశాడు. వాము అదే, వెలుతురు వేరు. వెలుతురు మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. పెయింటింగ్ కొంటున్నామంటే ఆ కూర్చున్న పూటని కొంటున్నట్టు. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు గ్యాలరీలో ఒక గంట గడిపి రండి. ముప్పై నిండకుండానే 1925లో పోయాడాయన. నీటిరంగుల్లో ఏది గట్టిగా చెప్పాలో, ఏది తడిలో వదిలేయాలో చూడటానికి అది మంచి బడి.

కాబట్టి పాపికొండలు వేయించాలంటే, ఆ చోటు చూసిన మనిషిని వెతకండి. ముందు చిన్న నీటిరంగు బొమ్మ ఒకటి, పుస్తకమంత సైజుది, వేయించుకోండి. అది నచ్చితేనే పెద్దది. నూనెరంగులు అయితే తొందరపెట్టొద్దు. పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి నెలలు పడుతుంది, మందంగా పూస్తే ఇంకా ఎక్కువ. గృహప్రవేశం ముహూర్తానికి కావాలంటే ఆక్రిలిక్ అడగండి, గంటల్లో ఆరిపోతుంది.

అచ్చు బొమ్మని మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోరు. పాపికొండల విషయంలో నాకు అన్నిటికంటే ఆశ పుట్టించేది అదే. శీతాకాలం పొద్దున్న ఆ కొండల్ని గుర్తు తెచ్చుకోండి. దగ్గరిది ముదురు, దాని వెనకది కాస్త లేత, ఆ వెనకది ఇంకా లేత, చివరిది మంచులో ఉందో లేదో. నాలుగైదు పొరలు. ఒక్కో పొరకి ఒక్కో చెక్క. ఇది అచ్చుకి పుట్టిన దృశ్యం! జపాన్ అచ్చుల్లో బొకాషి అని ఒక పని ఉంది. పలక మీద రంగు పూశాక ఒకవైపు తడిబ్రష్‌తో తుడిచి, ఒత్తితే ముదురు నుంచి లేతకి జారిపోయేలా చేస్తారు. అక్కడి ఇంకో కళాకారుడు హిరోషిగె 1850ల్లో చేసిన ఎడో నగరం (ఇప్పటి టోక్యో) వరసలో వాన కింద వంతెన మీద పరిగెత్తే జనం బొమ్మ ఒకటుంది. పైన నల్లమబ్బు అలా చేసిందే. వాన్‌గో దాన్ని 1887లో నూనెరంగుల్లో దింపుకున్నాడు. నూనెరంగుల మోనె తన గివర్నీ ఇంట్లో భోజనాల గది గోడల నిండా పెట్టుకున్నవి జపాన్ అచ్చులే.

అచ్చులో అనవసరమైనది ఉంచడం కుదరదు. చెక్కాలి కదా. ప్రతి గీతకీ చెమటోడ్చాలి కాబట్టి ఆకులన్నీ చెక్కడు, చెట్టుని చెక్కుతాడు. మన దేశంలో హరేన్ దాస్ బెంగాల్ పల్లెల్ని చెక్క మీద చెక్కిన తీరు, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో రాళ్ళూ చెట్లూ మేకలూ మనుషులూ ఒకదాన్నొకటి పెనవేసుకున్న తీరు చూస్తే తెలుస్తుంది. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో అచ్చమైన ల్యాండ్‌స్కేప్ తక్కువే, కానీ తెలంగాణ పల్లె నేల ఆ గీతల్లో ఉన్నంతగా ఎన్నో రంగుల ఫొటోల్లో నాకు కనపడలేదు. ధర విషయంలో కూడా, పేరున్న కళాకారుడి పెయింటింగ్ అందనివాళ్ళకి అదే చేతి అచ్చు బొమ్మ అందే వీలుంటుంది. అచ్చుపని పుట్టిందే పదిమందికీ అందాలని.

తేమ, ఎండ, పటం కట్టేవాడు

బొమ్మ ఎంచుకోవడం సగం పనే. పటం కట్టించడంలో నేను తిన్న దెబ్బ చెప్తాను. భీమిలి తీరం మీద ఒక మిత్రుడు వేసిచ్చిన నీటిరంగు బొమ్మ ఉండేది. దగ్గర్లో పటాలు కట్టే షాపులో ఇచ్చాను. అతను దాన్ని అద్దానికి ఆనించి, వెనక హార్డ్‌బోర్డ్ పెట్టి, సెల్లో టేపుతో బిగించి ఇచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండం. రెండు వానాకాలాలు గడిచాయి. ఆకాశంలో గోధుమరంగు మచ్చలు. మొదట పక్షులేమో అనుకున్నారు ఇంటికొచ్చినవాళ్ళు. విప్పి చూస్తే కాగితం కొంత అద్దానికి అతుక్కుపోయింది, టేపు ఉన్నచోట పసుపు చారలు, మచ్చలన్నీ బూజు. బొమ్మ పోయింది. తప్పు అతనిదొక్కడిదే అనను, నేనూ అడగలేదు.

అప్పటి నుంచి కాగితం మీది ఏ బొమ్మకైనా, అది ఫొటో అయినా అచ్చయినా నీటిరంగయినా, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు, అంటే బొమ్మ కనపడేలా మధ్యలో కిటికీ కోసిన మందపాటి అట్ట, ఉండాల్సిందే. అది ఆసిడ్ లేనిదై ఉండాలి. వెనక కూడా అలాంటి బోర్డే. టేపుతో నాలుగువైపులా బిగించకుండా పైన రెండు చోట్ల కాగితపు బద్దీలతో వేలాడదీయాలి, తేమకి కాగితం సాగినా ముడతపడదు. పటం వెనక కింది మూలల్లో రెండు కార్కు ముక్కలు అంటిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వైజాగ్, కాకినాడ, బందరు లాంటి చోట్ల బయటివైపు గోడకి, వాన కొట్టే గోడకి, కాగితం బొమ్మ పెట్టనే వద్దు. అక్కడ కాన్వాస్ మీది ఆక్రిలిక్ కొంత నయం. షాపువాడు "లామినేషన్ కొట్టించేయండి సార్, తడిగుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు" అంటాడు. అచ్చు బొమ్మకి గానీ నీటిరంగుకి గానీ అలా చేశారో, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఎండ ఇంకో శత్రువు. పడమటి కిటికీకి ఎదురుగోడ అయితే నీటిరంగుల్లో కొన్ని ఎరుపులు కొన్నేళ్ళకే వెలిసిపోతాయి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే వాడింది పిగ్మెంట్ (సన్నటి రంగుపొడి) ఇంకో, డై (కరిగిన రంగు) ఇంకో అడగండి. పిగ్మెంట్ చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. కాగితం కాటన్‌ది, మెరుపు లేనిది అయితే మంచు కొండలకి బాగుంటుంది. బాల్కనీకి ఎదురుగా గ్లాసీ పేపర్ పెడితే పగలంతా పాపికొండల్లో మీ బాల్కనీ గ్రిల్లే కనపడుతుంది. మంచి పటం ఖర్చు ఒక్కోసారి బొమ్మ ఖర్చుని మించుతుంది. బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు

భూతద్దం ఒకటి జేబులో వేసుకోండి. కంసాలి కంటికి పెట్టుకునేలాంటిదైతే భేష్. ఆఫ్‌సెట్‌లో, అంటే మామూలు ప్రెస్సులో గుట్టలుగా, కొట్టిన పోస్టర్ అయితే చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా వరసగా కనపడతాయి. ఇంక్‌జెట్ అయితే సన్నటి చుక్కలు చల్లినట్టు ఉంటాయి. ఎచింగ్ అయితే చుక్కలుండవు, గీత కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది, బొమ్మ చుట్టూ రేకు ఒత్తిన గుంట గీత ఉంటుంది. చెక్క అచ్చయితే కాగితం వెనక్కి తిప్పి చూడండి, తరచు ఒత్తిన గుర్తులు తెలుస్తాయి. కాన్వాస్ మీద పెయింటింగ్ అని చెప్పింది నిజమో కాదో చూడాలంటే పక్కనుంచి టార్చి వేయండి. కొందరు ప్రింట్ మీద జెల్ పూసి కుంచె గుర్తులు పెడతారు. ఆ గుర్తులు రంగుల అంచుల్ని పట్టించుకోకుండా అడ్డదిడ్డంగా పోతుంటాయి.

అచ్చు బొమ్మ కింద పెన్సిల్‌తో 12/50 అని ఉంటే, యాభై తీశారు, ఇది పన్నెండోది. పక్కన సంతకం. ఈ అంకె అచ్చుకి సహజంగా వచ్చింది, ఎందుకంటే రేకు అరుగుతుంది. డ్రైపాయింట్ అనే పద్ధతిలో సూదితో గీసినప్పుడు లేచే అంచు కొన్ని పదుల ఒత్తులకే అణిగిపోతుంది. డిజిటల్ ఫొటోకి అరుగుదల లేదు. అందుకని ఫొటోగ్రాఫర్ ‘పది మాత్రమే’ అంటే అది అతని మాట మీద నిలిచే అంకె. ఆ పది ఈ సైజులోనా, అన్ని సైజులూ కలిపా అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడే పని లేదు, మంచివాళ్ళు అడక్కముందే రాసిస్తారు.

కొనడం కాదు, మీరే చేద్దామనుకుంటే లినో షీటు, రెండు ఉలులు, రోలర్, ఇంకు చాలు. ప్రెస్ అక్కర్లేదు, గరిటె వెనకవైపుతో రుద్దినా అచ్చు పడుతుంది. ఎచింగ్ మాత్రం ఆసిడ్ పని, ఇంట్లో వద్దు.

ఇదంతా విని మా తోడల్లుడు, "అన్నయ్యా, ఒక్క మేకు కొట్టడానికి ఇంత టెన్షనా?" అన్నాడు. చివరికి తేల్చింది ఇది. బోటు మీద తీసిన ఫొటోలో మా మామగారు ఉన్నారు, అదే ఆయన చివరి ప్రయాణం. దాన్ని మాత్రం అసలు ఫైలు వెతికి, పన్నెండు అంగుళాలకి కాటన్ పేపర్ మీద వేయించి, పూజగది పక్క నడవలో పెట్టారు. పెద్ద గోడకి ఆ ఫొటో సాగదీయొద్దని నేనన్నాను, మరదలు ఒప్పుకుంది. అక్కడికి పెయింటింగే. అయితే వేసే ఆయన తను పాపికొండలు చూసి పదేళ్ళయిందని, ఒకసారి వెళ్ళొచ్చి మొదలుపెడతానని అన్నాడు. ఆ మాటకే నాకు ఆయన మీద గురి కుదిరింది. ఈ చలికాలం బోటుకి ఆయన్నీ తీసుకుని అందరం వెళ్తున్నాం. అప్పటిదాకా ఆ మేకుకి కిరాణా కొట్టువాడిచ్చిన కాలెండర్ వేలాడుతోంది. దాని మీద ఉన్నది స్విట్జర్లాండ్.